పేతురు పండగ దాకా గడువు

ఆ చలికాలంలో దక్షిణాన ఒక పట్నంలో ఒకడు పెళ్లివిందులో లేచి నిలబడి, ఎదురుగా ఉన్నవాళ్లను వరసగా కాల్చేశాడు. మా మాంటెనెగ్రో చిన్న దేశం. ఏ మూల చావు జరిగినా ఎవరికో ఒకరికి చుట్టరికం తగులుతుంది. మా ఊరు క్రాసొవోలో కూడా రెండిళ్లలో నల్లబట్టలు కట్టారు. వసంతం వచ్చేసరికి ప్రభుత్వం కొత్త ఆర్డరు వేసింది. తుపాకి ఉన్న ప్రతివాడూ మళ్లీ రాయించుకోవాలి. పోలీసు ఇంటికొచ్చి ఇంట్లోవాళ్లను అడిగి గానీ లైసెన్సు ఇవ్వడు. కాగితం లేని తుపాకులు ఉన్నవాళ్లు పేతురు పండగలోగా తెచ్చి అప్పగిస్తే ఎక్కడిది, ఎవరిది అని అడగరు. పేతురు పండగంటే జూలై నెల నడిమధ్య.

పొద్దున్నే పాలబండి కోసం కొట్టు ముందు చేరిన మగాళ్లకు అప్పుడు వేరే మాట లేదు. నేను క్యాన్లు దింపుతుంటే మా ఆయన రాదోయె గొంతు అందరికంటే పైన వినిపించింది.

"నా తుపాకి నెంబరు వాళ్ల పుస్తకంలో ఎక్కితే ఏమవుద్దంట? నెంబరున్న తుపాకి పేలదా?"

"పేలుద్ది. పేలితే ఎవడిదో తెలుస్తుంది," అన్నాడు మిలుతిన్. మా పక్కింటాయన, తేనెటీగలు పెంచుతాడు. ఏ విషయంలోనైనా ప్రభుత్వం వైపు నుంచి ఒక మాట మాట్లాడతాడని పేరు.

"తెలిసి? చచ్చినోడు లేచొస్తాడా?"

అందరూ నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. "ఆ పెళ్లిలో కాల్చినోడికి కాగితమే లేదంట. వాడి తుపాకి ఎవడి లెక్కలోనూ లేదు. ఇప్పుడొచ్చి మనల్ని లెక్కపెడతారు."

"దొంగ ఎటో పోయాడు, ఇంటి తాళం ఉన్నోణ్ణి పట్టుకున్నారు," అన్నాడు రాదోయె.

మిలుతిన్ తల అడ్డంగా ఊపాడు. "ఎవడింట్లో ఏముందో తెలిస్తే కదయ్యా, తల తిరిగినోడి చేతిలోంచి ముందే లాక్కునేది."

"ఎవడి తల తిరిగిందో ఎవడు చెప్తాడు? నువ్వా?"

"ఇంట్లోవాళ్లు చెప్తారు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. క్రాసొవోలో ఇంటి మగాడి గురించి ఇంట్లోవాళ్లు పోలీసుకు చెప్పడం. రాదోయె నవ్వుతూనే నా వైపు చూశాడు. నేను క్యాన్ల మూతలు బిగిస్తున్నాను.

రాదోయె చెడ్డవాడని నేను చెప్పను. రంపపు మిల్లు మూతపడేదాకా చెమటోడ్చి పని చేశాడు. పిల్లలు లేరని నన్ను ఒక్క మాట అనలేదు. మిల్లు పోయాక పొద్దున్నే రకియా సారా సీసా తీయడం మొదలైంది. తాగితే అరవడు, కొట్టడు. మాట తగ్గిపోతుంది. ఎంత తగ్గితే మా ఇద్దరికీ అంత గుండె దడ. ఇద్దరమంటే నేనూ, మా అత్తగారు యాగ్లికా.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నేను పిండి తీసుకురావడానికి సామాన్ల గదిలోకి వెళ్లాను. తలుపు నా వెనకాల దానంతటదే మూసుకుంది. పేలిన చప్పుడు ముందు వినిపించిందా, చెక్క పేళ్లు మొహానికి తగిలాయా, నాకిప్పటికీ సరిగా తెలియదు. తలుపులో అరచేయంత కన్నం. పిండిబస్తా పక్కకు ఒరిగి ఉంది. బయటికొచ్చి చూస్తే రాదోయె బల్ల దగ్గర కూర్చుని, వేట తుపాకి మోకాళ్ల మీద పెట్టుకుని, "పొరపాటున పేలింది," అన్నాడు. నా వైపు చూడలేదు. మా అత్తగారు లేచి గదిలోకి వెళ్లి ఆ బస్తా ఈడ్చుకొచ్చింది. జల్లెడ తీసుకుని సాయంత్రం దాకా పిండి జల్లించింది. జల్లెట్లో మిగిలిన సీసపు గుళ్లను కిటికీలోంచి మంచులోకి పారేసి, ఆ పిండితోనే రొట్టె చేసింది. ముగ్గురం తిన్నాం. మర్నాడు రాదోయె కన్నం మీద ఒక పలక కొట్టాడు. ఆ సంగతి తర్వాత ఎవరం ఎత్తలేదు.

మే నెలలో పెరిష మా ఇంటికి వస్తున్నానని కబురు పంపాడు. పెరిష పోలీసు. రాదోయె, అతను ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. అతను వచ్చే రోజు పొద్దున మా అత్తగారు నన్ను కొట్టంలోకి పిలిచి, గొర్రె పాలు పితుకుతూనే చెప్పింది.

"అడిగితే ఏం చెప్పాలో తెలుసుగా."

"తెలుసు అత్తమ్మా."

"ఏం చెప్తావ్?"

"భయమేం లేదంటాను."

"అంతే. ఎక్కువ మాట్లాడకు. ఎక్కువ మాట్లాడితే వాళ్లకి అనుమానం వస్తుంది."

పెరిష వచ్చినప్పుడు పొయ్యి మీద సంకటి ఉడుకుతోంది. రాదోయె రకియా పోశాడు. డ్యూటీలో ఉన్నానని పెరిష వద్దన్నాడు. కాఫీ తాగాడు. తుపాకుల నెంబర్లు చూసుకున్నాడు, రెండూ వేట తుపాకులే, ఒకటి మా మామగారిది. ఆ తర్వాత టోపీ తీసి బల్ల మీద పెట్టి కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"రాదోయె, నువ్వు కాసేపు బయట ఉండాలి. రూలు."

"నా ఇంట్లోంచి నన్నే బయటికి పొమ్మంటున్నావా?"

"నేనంటల్లేదు. రూలంటోంది."

రాదోయె నవ్వి బయటికెళ్లాడు. వెళ్లి దూరంగా ఎక్కడికీ పోలేదు. తెరిచి ఉన్న కిటికీ కిందే గోడకి ఆనుకుని సిగరెట్ వెలిగించాడు. లోపల కూర్చున్న మాకు అతని భుజం, పొగ కనిపిస్తున్నాయి. పెరిష కూడా చూశాడు. కిటికీ వెయ్యమని అతనూ అనలేదు, మేమూ లేవలేదు.

"వదినా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇవన్నీ అందర్నీ అడిగేవే. తుపాకి మీ ఆయన దగ్గరుండటం వల్ల నీకేమైనా భయం ఉందా?"

నేను నోరు తెరిచేలోపు మా అత్తగారు, "నాకు భయం," అంది.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంది. వీపు మావైపు. పెద్ద చెక్క గరిటెతో సంకటి కలుపుతూనే ఉంది.

"ఏంటి పిన్నీ?" అన్నాడు పెరిష.

"నాకు భయమన్నా. రాసుకో."

పెరిష పెన్ను కాగితం మీంచి ఎత్తాడు. "ఆలోచించుకుని చెప్పు పిన్నీ. ఒకసారి రాస్తే నేను చెరపలేను."

"చెరపమని నేనడగను."

కిటికీలోంచి పొగ రావడం ఆగిపోయింది. భుజం మాత్రం కదల్లేదు. పెరిష రాశాడు. నన్ను మళ్లీ అడగలేదు. సంకటి మాడకుండా ఆమె కుండ దింపి పక్కన పెట్టింది.

రెండు తుపాకులూ రాదోయె తనే తెచ్చి ఇచ్చాడు. "కాస్త చూసుకుని పట్టుకో. కుడి గొట్టం ట్రిగ్గరు తేలిక, చెయ్యి తగిలితే చాలు," అన్నాడు పెరిషతో. పెరిష వాటిని దుప్పట్లో చుట్టి జీపులో పెట్టుకున్నాడు. జీపు మలుపు తిరిగేదాకా రాదోయె వాకిట్లో నిలబడి, లోపలికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. సంకటి మీద మీగడ వేసుకుని మొత్తం తిన్నాడు. గిన్నె పక్కకు జరిపి అప్పుడు అడిగాడు.

"నేనంటే భయమా అమ్మా నీకు?"

"అవున్రా."

"నిన్నెప్పుడైనా ఏమన్నా అన్నానా?"

"లేదు."

అతను తల ఊపాడు. ఏదో లెక్క సరిపోయినట్టు. మర్నాడు పొద్దున గొర్రెల్ని తోలుకుని కొండమీద మా వేసవి గుడిసెకు వెళ్లిపోయాడు. అప్పటికి పైన గడ్డి సరిగా మొలవనేలేదు. నీడపట్టున ఇంకా మంచుంది.

అతను వెళ్లిన పూటే మా అత్తగారు లాంతరు తీసుకుని నేలమాళిగలోకి దిగింది. నేనూ వెనకే దిగాను. క్యాబేజీ ఊరబెట్టే పీపాల వెనక గోడలో ఒక రాయి ఊడొస్తుంది. దాని వెనక ఏముందో మాకిద్దరికీ తెలుసు. యుద్ధం నుంచి వచ్చినప్పుడు రాదోయె తెచ్చిన ఆటోమేటిక్ తుపాకి. ఏ కాగితంలోనూ లేదు. పెరిష ముందురోజు రాసుకుపోయిన కాగితంలో కూడా లేదు. రాయి తీస్తే లోపల నూనెగుడ్డ ఒక్కటే ఉంది.

మా అత్తగారు పీపా మీద కూర్చుండిపోయింది. "లెక్కలో ఉన్నవి పట్టుకుపోయేలా చేశాను. లెక్కలో లేనిది వాడితో పంపించాను," అంది.

"పెరిషకి చెప్దామా?"

"చెప్తే వీణ్ణి పట్టుకుపోతారు. వీడు పట్టుబడే రకం కాదు. నీకు తెలుసుగా."

నాకు తెలుసు. అందుకే రెండు రోజులు ఆగి, మందులు కొనే వంక పెట్టుకుని పట్నం వెళ్లి పోలీస్ స్టేషన్ ముందు పెరిషను కలిశాను. ఎవరింట్లోనైనా కాగితం లేనిది ఉంటే, అని మొదలుపెట్టానో లేదో చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వేం చెప్పలేదు వదినా, నేనేం వినలేదు. లోపల ఒక గది నిండా ఉన్నాయి చూడు. మిషన్‌గన్ను కూడా తెచ్చిచ్చింది ఒక ముసలమ్మ, చేతిసంచిలో ఉల్లిపాయల కింద పెట్టుకుని. పేతురు పండగ దాకా ఎవడు తెచ్చినా బల్ల మీద పెట్టి, కాఫీ తాగి పోవచ్చు. పేరు కూడా అడగం."

"పండగ దాటితే?"

"పండగ దాటితే నేను పెరిషను కాదు."

"ఇదంతా ఎందుకు పెరిషా? ఇచ్చేవాడు ఎలాగూ కాల్చడు. కాల్చేవాడు ఇస్తాడా?"

"ఇవ్వడు. నిజమే. కానీ ఇదివరకు నేను మీ ఇంటికి తాగడానికి వచ్చేవాణ్ణి, అడగడానికి వచ్చేవాణ్ణి కాదు. మీ సామాన్ల గది తలుపుకి ఆ పలక ఎందుకు కొట్టారో మొన్న చూసి కూడా అడగలేదు నేను. యాగ్లికా పిన్ని ఆ మాట అనకపోతే సంతకం పెట్టేసి వచ్చేవాణ్ణి."

ఊళ్లో సంగతి పాకడానికి ఒక పూట పట్టలేదు. కొడుకుని పోలీసుకు పట్టించిన తల్లి అన్నారు. చర్చి దగ్గర మగాళ్లు టోపీ తాకి పలకరించడం మానేశారు. ఒక ముసలాయన ఆమెకు వినపడేలా, "అలాంటి తల్లి ఉంటే శత్రువు ఎందుకు," అన్నాడు. ఆమె వినపడనట్టే నడిచింది. కానీ ఆ తర్వాత చర్చికి రావడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం మిలుతిన్ పెళ్లాం స్తోయ్కా వచ్చింది. తేనె సీసా తెచ్చాననే వంక. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. నేను నీళ్లకని బయటికొచ్చాను గానీ తలుపు దగ్గర నాకు వినిపించింది.

"యాగ్లికా, నువ్వు ఆ మాట... ఎలా అన్నావ్? ఏమని అన్నావ్?"

"భయం అన్నాను."

"అంతేనా?"

"అంతే."

"మా ఇంటికి గురువారం వస్తారంట," అంది స్తోయ్కా. ఆమె చేతుల్లో తలగుడ్డ కొంగు నలుగుతోంది. మిలుతిన్ గురించా అని మా అత్తగారు అడగలేదు. తేనె తీసుకుని, బదులుగా ఒక జున్నుముద్ద చేతిలో పెట్టి పంపింది. గురువారం పెరిష వాళ్లింటికి వెళ్లాడు, అర్ధగంటలో బయటికొచ్చాడు. మిలుతిన్ లైసెన్సు మిలుతిన్‌కు వచ్చింది.

జూన్ నెల నడుమ మా అత్తగారు బట్టలు మూట కట్టుకుంది.

"ఎక్కడికత్తమ్మా?"

"పైకి."

"అంత ఎత్తు ఎక్కగలవా? ఆయన దగ్గర ఆ తుపాకి..."

"ఉంటే ఉండనీ."

నేను గుర్రం మీద పిండి, ఉప్పు వేసుకుని ఆమెతో వెళ్లాను. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరాం. గుడిసె ముందు రాదోయె గొర్రెల గిట్టలు చెక్కుతున్నాడు. గడ్డం పెరిగింది, మనిషి చిక్కాడు. పైకి వచ్చాక తాగడం తగ్గిందో, సరుకు అయిపోయిందో తెలియదు గానీ కళ్లు తేటగా ఉన్నాయి. తల్లిని చూసి కత్తి కింద పెట్టాడు.

"ఏంటిది?"

"జున్ను చెయ్యడం నీకు రాదు. పాలన్నీ పాడుచేస్తున్నావ్," అని ఆమె మూట పట్టుకుని లోపలికెళ్లింది. ఆ గుడిసెలో ఉన్నవి ఒకే గది, రెండు పడకలు. అతను పడుకునే పరుపు కింద నూనెవాసన నాకే తెలిసిందంటే ఆమెకు తెలియకుండా ఉండదు. ఆమె మూట తీసుకెళ్లి ఎదుటి పడక మీద పెట్టింది.

ఆ సాయంత్రం నేను దిగి వచ్చేశాను. కింద ఇంట్లో ఒక్కదాన్నే, ఆవు, క్యాబేజీ మడి, ఎండుగడ్డి కోత. వారానికోసారి పైకి పిండి తీసుకెళ్లేదాన్ని. మొదటిసారి వెళ్లినప్పుడు తల్లీకొడుకులు మాట్లాడుకోవడం లేదు. రెండోసారి, ఆమె మంచి పాలగంగాళం ఏది అని అడిగితే అతను చూపించాడు. మూడోసారి వెళ్లేసరికి అతను పాలు కాస్తుంటే ఆమె మంట ఎక్కువైందని తిడుతోంది. "ఎన్నిసార్లు చెప్పాలిరా, పాలు పొంగించడం కాదు, కాయడం." అతను రెండు కట్టెలు పక్కకు లాగాడు. నాకు కడుపు నిండినట్టయింది.

పేతురు పండగకు ముందురోజు వెళ్లి, గొర్రెల దొడ్డి దగ్గర అతన్ని ఒంటరిగా పట్టుకున్నాను.

"రేపటితో ఆఖరు. గుర్రం మీద వేసుకుని నేను పట్టుకెళ్తాను. నీ పేరు కూడా అడగరంట."

"ఏం పట్టుకెళ్తావ్?"

"నీకు తెలుసు ఏంటో."

"నా దగ్గరేముందని? ఉన్నవన్నీ మా అమ్మ ఇప్పించేసిందిగా." నవ్వలేదు. కోపంగా కూడా లేడు. దొడ్డి కట్టెకు తాడు బిగిస్తూనే అన్నాడు. "యుద్ధంలో మేం చలికి చస్తున్నప్పుడు ఏ ప్రభుత్వమూ వచ్చి నాకేం భయమని అడగలేదు. ఇప్పుడొచ్చి వాళ్లు అడిగితే నేను ఇవ్వాలా?"

గుడిసె గుమ్మంలోంచి మా అత్తగారు చూస్తోంది. ఇక చాలు, వెళ్లు అన్నట్టు తల కాస్త ఊపింది. నేను ఖాళీ సంచులతో దిగాను. మర్నాడు ఊళ్లో పండగ మంటలు వేశారు. ఏటా ఆ మంటల దగ్గర ఆకాశంలోకి కాల్చేవాళ్లు. ఆ ఏడు ఎవరూ కాల్చలేదు. పిల్లలు టపాకాయలు పేల్చినా ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు.

ఆగస్టులో ఆమెకు దగ్గు పట్టింది. కిందికి రమ్మన్నాను. గొర్రెలు దిగినప్పుడు దిగుతానంది. సెప్టెంబరులో వాన మంచుగా మారి రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు తెరిపిచ్చింది. నేను పెరట్లో బంగాళదుంపలు తవ్వుతుంటే రాదోయె కొండదారి దిగి వస్తూ కనిపించాడు. దుప్పటితో తల్లిని వీపుకు కట్టుకున్నాడు. గుర్రం జారుతుందని దాన్ని పైనే వదిలేశాడట. ఆమె తల అతని భుజం మీద వాలి ఉంది, చేతులు ముందుకు వేలాడుతున్నాయి. నిద్రపోతోందనుకున్నాను.

"నీటిబుగ్గ దగ్గర నీళ్లడిగింది. ఇచ్చాను. తర్వాత బరువు పెరిగింది," అన్నాడు.

ఆమెను అలాగే లోపలికి తీసుకొచ్చాడు. ఛాతీ మీద దుప్పటి ముడి విప్పడానికి అతని వేళ్లు పనిచెయ్యలేదు. నేనే విప్పాను. ఇద్దరం కలిసి బల్ల మీద పడుకోబెట్టాం.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. చర్చి దగ్గర మొహం తిప్పుకున్నవాళ్లే ముందు నిలబడి శవపేటిక మోశారు. మిలుతిన్ మా ఆయన చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాడు. స్తోయ్కా అందరూ వెళ్లిపోయాక కూడా గోతి దగ్గర నిలబడి ఉంది. మిలుతిన్ రెండుసార్లు పిలిచాక కదిలింది.

వారం తర్వాత రాదోయె పైకెళ్లి గుర్రాన్ని, మిగిలిన సామాన్లను దించాడు. సామాన్ల మధ్య దుప్పట్లో చుట్టిన పొడవాటి మూట ఒకటి. దాన్ని వంటింట్లోకి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"రేపు పట్నం వెళ్తున్నా. దీన్ని ఇచ్చేస్తా."

"గడువు అయిపోయింది రాదోయె. జైల్లో పెడతారు."

"పెట్టనీ."

"ఎందుకిప్పుడు? వంతెన మీంచి నదిలో పడెయ్. అంత లోయలో ఎవడు దిగి చూస్తాడు?"

అతను కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. "పడేశాననే చెప్తా. నువ్వు నమ్ముతావా?"

నేను మూట వైపు చూశాను.

"నమ్మవు. నాతో కూర్చుని తింటావ్, ఇల్లు ఊడుస్తావ్, నిజంగా పడేశాడా, ఎక్కడన్నా పెట్టాడా అని నా మొహంలోకి చూస్తూనే ఉంటావ్. నేనూ అలాగే చూస్తుంటా, నువ్వు చూస్తున్నావా అని. అది నావల్ల కాదు. వాళ్లకిచ్చి రాయిస్తే ఇక లేనట్టే. కాగితం మీద ఉంటుంది."

మళ్లీ తనే మాట్లాడాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఒక్కసారిగా అంత మాట్లాడటం నేను వినలేదు.

"ఆగస్టులో ఒక పొద్దున దీన్ని బయటికి తీశాను. శుభ్రం చేద్దామనే అనుకున్నాను. గుమ్మంలో కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాక, ఎందుకు తీశానో నాకే తెలీలేదు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి వెయ్యలేదు, తియ్యమనలేదు. ఇంకా భయమేనా అని అడిగా. ఇంకా భయమే అంది. మరెందుకొచ్చావే పైకి అన్నాను. నువ్వొక్కడివే ఉంటావని అంది."

మూట మీద చెయ్యి పెట్టాడు. తీసేశాడు.

"మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. పాలు విరిగిపోయాయి ఆ రోజు."

మర్నాడు నేనూ వెళ్లాను. బస్సులో ఆ మూట మా ఇద్దరి కాళ్ల మధ్య ఉంది. స్టేషన్లో పెరిష మూట విప్పకుండానే పట్టి చూసి, ఏంటో అర్థమై, లేచి తలుపు వేశాడు.

"నీకు బుద్ధుందా? రెండు నెలల కింద తెచ్చుంటే కాఫీ ఇచ్చి పంపేవాణ్ణి."

"అప్పుడు తేలేదు. ఇప్పుడు తెచ్చా."

"నేను ఊరికే బయటికెళ్తాను. నువ్వు దీన్ని తీసుకుని వచ్చిన దారినే పో. నేను చూడలేదు."

"రాసుకో పెరిషా," అన్నాడు రాదోయె.

పెరిష నావైపు చూశాడు, వీణ్ణి తీసుకెళ్లు వదినా అన్నట్టు. నేను కదల్లేదు. అతను టోపీ తీసి తల రుద్దుకున్నాడు. తర్వాత కూర్చుని రాశాడు. ముద్ర వేసేటప్పుడు బల్ల అదిరేలా కొట్టాడు.

జడ్జి ఆరు నెలలు వేసింది. మా లాయరు తల్లి చావు గురించి, తానే తెచ్చిచ్చాడనే సంగతి గురించి చెప్పాడు. ఆమె అంతా విని, ఆ రెండూ లెక్కలోకి తీసుకునే తక్కువ వేశానంది. ఒక మనిషి కోసం గడువు జరిపితే గడువుకు అర్థం లేదంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. అలసిపోయిన మనిషిలా ఉంది.

కొట్టు ముందు ఆ చలికాలమంతా ఇదే మాట. తెచ్చిచ్చినోడు జైల్లో, దాచుకున్నోడు పొయ్యి దగ్గర. ఇద్దామా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఇంకా లోతుకు పాతిపెట్టారని విన్నాను. మిలుతిన్ మాత్రం, "అందుకే చెప్పా, ముందే రాయించుకోవాలని," అంటాడు. అతని తుపాకి వాళ్ల ముందుగదిలో గోడకి వేలాడుతూ ఉంటుంది. నెంబరుంది, లైసెన్సుంది. స్తోయ్కా మా ఇంటికి రావడం మానేసింది. నీళ్ల దగ్గర ఎదురైతే తలవంచుకుని పోతుంది.

నవంబరులో నేను జైలుకు చూడటానికి వెళ్లాను. మధ్యలో గాజుపలక లేదు, మామూలు బల్లే. ఒక గార్డు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. రాదోయె గడ్డం గీయించుకున్నాడు. ఒళ్లు కూడా చేశాడు. గొర్రెలెలా ఉన్నాయని అడిగాడు. రెండు అమ్మేశానని చెప్పాను. ఏవేవి అని అడిగి, సరే మంచివే అమ్మావన్నాడు. సమాధి మీద రాయి పెట్టించావా అన్నాడు. నేల గడ్డకట్టింది, వసంతంలో పెట్టిద్దామన్నాను.

"తిండి ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువ. ఫరవాలేదు." బల్ల మీద గీతను గోటితో గీరాడు. "ఇక్కడ నిద్ర పడుతోంది స్తామెనా. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావట్లేదు. ఎన్నేళ్లయిందో అలా పడుకుని."

"మంచిదేగా," అన్నాను.

ఇంట్లో నాక్కూడా అలాగే పడుతోందని అతనికి చెప్పలేదు.